ఫోటోలో పడని శవం

రాత్రివేళ ఒక జలపాతం దగ్గర మార్టిన్ అనే ఫోటోగ్రాఫరు కెమెరాను స్టాండు మీద నిలిపి, అది తనంతట తానే వరసగా ఫోటోలు తీసేలా అమర్చి పని చేసుకుంటూ ఉంటాడు. భార్య కేటీ భయంతో కేకలు వేస్తూ పరుగెత్తుకొస్తుంది. ఆమె వెనకాల నీళ్ళు కారే బట్టలతో, ఎర్రబారిన కళ్ళతో, బరువుగా ఊపిరి తీస్తూ ఒక మనిషి వస్తాడు. అతని పేరు గత్రీ. ఊళ్ళు పట్టుకు తిరిగే ఆ దిమ్మరి కొద్దిరోజుల క్రితమే నీళ్ళలో పడి చనిపోయాడు. అతను మార్టిన్‌ను చంపుతున్నంతసేపూ కెమెరా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఆ హత్య ముక్కలు ముక్కలుగా మన కంటపడుతుంది. హత్యానేరం తన మీద పడబోతున్న కేటీకి ఆ ఫిలిం రోలు ఒక్కటే సాక్ష్యం. తీరా ఫోటోలు కడిగించి చూస్తే వాటిలో గత్రీ జాడ ఎక్కడా లేదు.

1974లో ‘ద లివింగ్ డెడ్ ఎట్ మాంచెస్టర్ మార్గ్’ పేరుతో వచ్చిన ఈ స్పానిష్–ఇటాలియన్ సినిమాను నేను ఇప్పటికి చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నన్ను నిలబెట్టేది మాంసం పీక్కు తినే దృశ్యాలు కావు, ఈ ఖాళీ ఫోటోలే. జాంబీ సినిమాల, అంటే చచ్చినవారు లేచి వచ్చే కథల, చరిత్ర రాసేవారు దీని గురించి సాధారణంగా రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్ళిపోతారు: జార్జ్ రొమేరో 1968లో అమెరికాలో తీసిన నలుపు–తెలుపు చిత్రానికి ఇది రంగుల అనుకరణ అన్నది మొదటి మాట, రక్తమాంసాల చిత్రణలో ఆ తరువాతి ఇటాలియన్ సినిమాలకు దారి చూపిందన్నది రెండోది. రెండూ అబద్ధాలు కావు. నిర్మాత ఎద్మొందో అమాతి కోరుకున్నది రంగుల్లో అలాంటి సినిమానే. మేకప్ చేసిన జన్నెత్తో దె రొస్సి 1979లో ఇటాలియన్ దర్శకుడు లూచో ఫుల్చీ తీసిన జాంబీ చిత్రానికీ పనిచేశాడు. అయితే ఆ రెండు మాటల మధ్య సినిమా అసలు సంగతి జారిపోతోందన్నది నా ఫిర్యాదు. నా దృష్టిలో ఇది సాక్ష్యానికి సంబంధించిన సినిమా. కళ్ళారా చూసినవారి మాటకు విలువ ఎప్పుడు పోతుంది, ఎవరి చేతుల్లో పోతుంది అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన జాంబీ చిత్రం మరొకటి నేను చూడలేదు.

దర్శకుడు హోర్హే గ్రావ్ 1930లో బార్సెలోనాలో పుట్టి 2018లో కన్నుమూశాడు. ఈ సినిమాకు ముందు ఏడాదే, కన్యల రక్తంతో స్నానం చేసిందని కథలుగా చెప్పుకునే హంగరీ ప్రభువంశపు స్త్రీ ఎర్జెబెత్ బాథోరీ గాథను తెరకెక్కించాడు. ఈ సినిమాకున్న పేర్లు ఒక పెద్ద గందరగోళం. ఇంగ్లండులో మాంచెస్టర్ మార్చురీ పేరుతో, అమెరికాలో కిటికీ తెరవొద్దనే అర్థం వచ్చే పేరుతో దీన్ని విడుదల చేశారు. కథ మాంచెస్టర్‌లో నడిచేది మొదటి కొద్ది నిమిషాలే, కిటికీతో కథకు పనే లేదు. చనిపోయినవారి నిద్రను అపవిత్రం చేయవద్దని అర్థమిచ్చే స్పానిష్ పేరు ఒక్కటే సినిమాకు సరిపోయింది, ఎందుకంటే ఈ కథలో చనిపోయినవారు తప్పు చేయలేదు. వారి నిద్ర చెడగొట్టినవారు వేరే ఉన్నారు.

ప్రారంభం గురించి కాస్త వివరంగా చెప్పాలి. జార్జ్ అనే యువకుడు మాంచెస్టర్‌లోని తన పాతవస్తువుల దుకాణం మూసేసి, మోటారుసైకిలెక్కి పల్లెదారి పడతాడు. అతను ఊరు దాటేలోగా కెమెరా చుట్టూ చూస్తుంది: బస్సుల వెనక నల్లటి పొగ, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నడిచేవారు, కర్మాగారాల గొట్టాలు, బస్‌స్టాపుల్లో ఎటూ చూడని ముఖాలు. అంతలో ఒక యువతి ఒంటి మీద బట్టలు తీసేసి నడిరోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతుంది, అయినా ఒక్కరూ తల తిప్పి చూడరు. ఈ దృశ్యం మీద వినిపించే జులియానో సోర్జీని సంగీతపు ముక్కకు మాంచెస్టర్‌లోని జాన్ డాల్టన్ వీధి పేరే పెట్టారు. డాల్టన్ అంటే పరమాణు సిద్ధాంతం చెప్పిన శాస్త్రవేత్త అని మనం బడిలో చదువుకున్నాం. విజ్ఞానశాస్త్రం పేరు మీద జరగబోయే అనర్థానికి ఆ వీధి పేరు ఎంత చక్కగా అతికిందో! ఇది కేవలం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా పాట విన్నప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. ఇక ఆ పరుగెత్తే యువతి ఊరికే పెట్టిన ఆకర్షణ అని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. తన కళ్ళ ముందు జరుగుతున్నదాన్ని చూడటం మానేసిన సమాజాన్ని మాట సాయం లేకుండా చూపించాలంటే అంతకంటే దగ్గరి దారి లేదు. తరువాతి గంటన్నరలో జరిగేదంతా ఆ చూడని చూపుల పర్యవసానమే.

దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఎడ్నా అనే యువతి తన కారును వెనక్కి నడుపుతూ జార్జ్ మోటారుసైకిల్‌ను గుద్దేస్తుంది. బండి పాడైపోవడంతో ఇద్దరూ ఒకే కారులో, ఆమె అక్క కేటీ ఇంటి వైపు బయలుదేరుతారు. కథ ప్రకారం అది ఇంగ్లండు వాయవ్యాన ఉన్న సరస్సుల ప్రాంతం. పచ్చని కొండలు, రాతి గోడలు, లోయలు చాలావరకు డెర్బీషైర్‌లోని పీక్ జిల్లావి, సమాధుల తోట హేథర్‌సేజ్ గ్రామంలోని చర్చిది. దారి అడుగుదామని జార్జ్ ఒక పొలంలోకి వెళితే అక్కడ వ్యవసాయశాఖ వారు కొత్త యంత్రాన్ని పరీక్షిస్తూ కనిపిస్తారు. అది వదిలే అతిధ్వని తరంగాలు పురుగుల నాడీవ్యవస్థను చెదరగొట్టి, అవి ఒకదాన్నొకటి చంపుకునేలా చేస్తాయట. మందు చల్లనక్కరలేదు, పంట మీద విషం మిగలదు. ప్రస్తుతం దాని ప్రభావం ఒక మైలు వరకే, త్వరలో ఐదు మైళ్ళకు పెంచుతారు. మరి మనుషుల సంగతేమిటన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: ఇది పురుగుల వంటి ప్రాథమిక నాడీవ్యవస్థ మీద మాత్రమే పనిచేస్తుంది.

ఆ సన్నివేశం చూస్తున్నప్పుడు నా మనసు పల్నాడులోని మా పత్తి చేలోకి వెళ్ళిపోయింది. నాకు అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. నాన్న వీపున పంపు తగిలించుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని మందు కొట్టేవాడు. గట్టు మీద పడి ఉన్న డబ్బా మీద ఎర్ర త్రికోణం, దాని పైన పుర్రె బొమ్మ ఉండేవి. ఆ బొమ్మకు అర్థం నాకు అప్పటికే తెలుసు. ఒకరోజు మందు అమ్మే మనిషి ఊళ్ళోకి వచ్చి, నలుగురూ చూస్తుండగా తడిసిన ఆకును అరచేత్తో నిమిరి, "చూశారా, ఇది పురుగుకే గానీ మనిషికేం చెయ్యదు" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ తరువాతి వారంలో మా పొరుగు చేనాయన కళ్ళు తిరిగి సాళ్ళలో పడిపోతే మంచానికెత్తి తీసుకువెళ్ళారు. ఆయన బతికాడు గానీ చేతుల వణుకు మాత్రం పోలేదు. ఎండకు తట్టుకోలేక పడిపోయాడనే అన్నారు అందరూ. మేం పిల్లలం చూసినది వేరు, కానీ మమ్మల్ని అడిగినవారు లేరు. అందుకే తెర మీద ఆ అధికారులు యంత్రం పక్కన గర్వంగా నిలబడి మాట్లాడుతున్నప్పుడు నాకు వారి మీద కోపం కంటే ముందు గుర్తుపట్టిన భావన కలిగింది. వారు దుర్మార్గులు కారు. చెప్పేదాన్ని పూర్తిగా నమ్మే చెబుతున్నారు. నిజానికి అదే భయపెట్టే సంగతి.

రేచల్ కార్సన్ పురుగుమందుల మీద పుస్తకం రాసింది 1962లో, అమెరికా డీడీటీని నిషేధించింది 1972లో. కాబట్టి 1974 నాటికి పంటల విషం గురించిన భయం కొత్తది కాదు. గ్రావ్ సినిమా గొప్పతనం ఏమిటంటే, విషానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన శుభ్రమైన సాంకేతికతనే అది అనుమానించింది. ఏ వాసనా లేని, కంటికి కనిపించని, మట్టిలో మిగలని తరంగం అది. జరిగిన హానిని ఎత్తి చూపించడానికి అక్కడ ఏ మరకా ఉండదు. ఫోటోలో పడని శవానికీ నేలలో మిగలని విషానికీ ఉన్న ఈ పోలికను రచయితలు సాంద్రో కొంతినెంజా, మార్చెల్లో కోషా ఉద్దేశపూర్వకంగా పెట్టారో లేదో గానీ, సినిమాను మళ్ళీ మళ్ళీ చూసేవారికి అది కనబడి తీరుతుంది.

ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన శిశువులు దగ్గరికి వచ్చినవారి మీద క్రూరంగా దాడి చేస్తారు. వారి నాడీవ్యవస్థ ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది. కొత్తగా చనిపోయినవారిలోనూ అలాంటి దశే కొంతసేపు మిగిలి ఉంటుందని జార్జ్ ఊహించి, యంత్రానికీ శవాలకూ సంబంధం కలుపుతాడు. శాస్త్రంగా ఇది నిలవదు, నిలవనక్కరా లేదు. పుట్టుకనూ చావునూ ఒకే తరంగం చివర్ల నుంచి పట్టుకుని చెడగొడుతోందన్న ఊహ కవి చేయదగిన ఊహ. ఇలాంటి సినిమాలో దాన్ని ఊహించని రీతిలో ఎదుర్కొన్నప్పుడు నేను కొంతసేపు సినిమా ఆపి కూర్చున్నాను.

ఇక మార్టిన్ హత్యను విచారించే ఇన్‌స్పెక్టరు గురించి. ఆ పాత్ర వేసిన ఆర్థర్ కెనెడీ ఐదుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయిన అమెరికన్ నటుడు. 1962 నాటి అరేబియా లారెన్స్ చిత్రంలో పత్రికా విలేఖరిగా మనవారిలోనూ చాలామంది ఆయన్ను చూసి ఉంటారు. ఇక్కడ ఆయన నటనలో ఒక్క మృదువైన గీత లేదు. జార్జ్ గడ్డాన్ని, పొడవాటి జుట్టును చూడగానే అతను నేరస్థుడని నిర్ణయించేస్తాడు. మీరంతా ఒకటే, మత్తుమందులు, విచ్చలవిడితనం, మగతనం లేని బట్టలు, పోలీసులంటే ద్వేషం అని తిడతాడు. అలా ద్వేషించడాన్ని మీరే సులభం చేస్తున్నారని జార్జ్ బదులిస్తాడు. మత్తుకు అలవాటుపడిన కేటీయే మొగుణ్ణి చంపిందన్నది ఇన్‌స్పెక్టరు మొదటి సిద్ధాంతం. శ్మశానంలో శవాలు కాలిపోయి కనిపించాక ఇదంతా సైతాను పూజ చేసేవారి పని అన్నది రెండోది. సాక్ష్యం మారినప్పుడు కథ మార్చుకుంటాడు తప్ప నిందితుణ్ణి మార్చడు.

పాత్రలు ఇంగ్లీషువారే, నేలా ఇంగ్లండుదే. కానీ తీసినవాడు నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్ నుంచి వచ్చాడన్న సంగతి మరువకూడదు. ఫ్రాంకో 1975 నవంబరు 20న చనిపోయాడు, అంటే ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడు. సినిమాల మీద సెన్సారు అధికారికంగా తొలగింది 1977లో. ఆ కాలపు స్పానిష్ భయానక చిత్రాల్లో దెయ్యాలూ హంతకులూ ఎక్కువగా పరదేశంలోనే ఉండేవి. నటుడు పాల్ నాషీ 1968లో మొదలుపెట్టిన తోడేలు మనిషి పాత్ర కూడా సెన్సారు పుణ్యమా అని స్పెయినువాడు కాకుండా పోలెండువాడైంది. స్పెయిన్‌లో రాక్షసులు ఉండటానికి వీల్లేదన్నమాట. అదే దేశంలో 1970లో ఒక చట్టం వచ్చింది. సామాజిక ప్రమాదం, పునరావాసం అన్న పేరుతో చేసిన ఆ చట్టం, నేరం చేశాడని రుజువు కాకపోయినా ఒక మనిషిని ప్రమాదకారిగా ప్రకటించి నిర్బంధించే వీలు కల్పించింది. అది వేలెత్తి చూపినవారిలో దేశదిమ్మరులు, మత్తుమందులకు అలవాటుపడినవారు, స్వలింగ సంపర్కులు ఉన్నారు.

ఇప్పుడు సినిమాలోని ముగ్గురిని ఆ జాబితా పక్కన పెట్టి చూడండి. మొదటి శవం గత్రీ, ఒక దేశదిమ్మరి. హత్యానేరం మోపబడిన కేటీ మత్తుమందుకు బానిస. ఇన్‌స్పెక్టరు ఏ మాటతో జార్జ్ బట్టలను తిట్టాడో ఆ మాట స్వలింగ సంపర్కులను ఉద్దేశించి వాడే తిట్టు. దర్శకుడి మనసులో ఆ చట్టమే ఉందని నేను వాదించడం లేదు, అలా వాదించడానికి నా దగ్గర ఆధారం లేదు. మాడ్రిడ్‌లో ఆ రోజుల్లో ఈ సినిమా చూసిన ప్రేక్షకుడికి ఇన్‌స్పెక్టరు గొంతు పరాయిదిగా వినిపించి ఉండదని మాత్రం నమ్మకంగా చెప్పగలను. నేరానికి ముందే మనిషిని ప్రమాదకారిగా ముద్రవేసే అధికారికి ఫోటో ఎందుకు? రోలులో గత్రీ కనిపించినా ఆ ఇన్‌స్పెక్టరు నమ్మేవాడు కాదు. కనిపించకపోవడం వల్ల అతనికి శ్రమ తగ్గిందంతే.

లోపాలు లేవని అనను. ఎడ్నా పాత్రకు క్రిస్టినా గాల్బో కళ్ళతో ఇచ్చినదాని కంటే ఎక్కువ కథ ఇవ్వలేదు. భయపడటం, పరుగెత్తడం, జార్జ్ చెప్పింది వినడం, ఇంతే ఆమె పని. చర్చి నేలమాళిగలో గత్రీ బతికున్నవారి రక్తాన్ని శవాల కనురెప్పలకు పూసి వాటిని లేపుతాడు. ఆ దృశ్యం చూడటానికి అద్భుతంగా ఉంటుంది, శవానికి కాటుక పెట్టినంత నెమ్మదిగా, ఆప్యాయంగా జరుగుతుంది. కానీ యంత్రం తరంగాలతో శవాలు లేస్తున్నప్పుడు రక్తం బొట్టు ఎందుకో కథ చెప్పదు. ఫోటోలో పడకపోవడానికీ కారణం చెప్పదు. శాస్త్రకల్పన ఒక చోట, పాత దెయ్యాల కథ మరో చోట అతుకుల్లా కనిపిస్తాయి. చివర్లో ఆసుపత్రి ఉద్యోగిని చీల్చే దృశ్యం అవసరానికి మించి ఆడశరీరాన్ని గాయపరచడంలో లీనమైంది. నేను దాన్ని సమర్థించలేను.

ఆ దృశ్యాల వల్లే 1980లలో బ్రిటన్‌లో వీడియో క్యాసెట్ల మీద ఆందోళన చెలరేగినప్పుడు, ప్రాసిక్యూషన్ల డైరెక్టరు తయారుచేసిన అభ్యంతరకర సినిమాల జాబితాలోకి ఇదీ ఎక్కింది. అప్పటికి అది పదేళ్ళ పాత సినిమా. యంత్రం పక్కన నిలబడి ప్రమాదం లేదన్న అధికారుల దృశ్యం ఎవరికీ అభ్యంతరకరం కాలేదు, నెత్తుటి గాయాలే అయ్యాయి. నిషేధాల చరిత్రలో ఇది ఎప్పుడూ జరిగేదే గనుక ఇంతకంటే దీని గురించి రాయను.

అందరూ మెచ్చుకునే శవాల నడక గురించి మాత్రం ఒక మాట చేర్చాలి. ఆసుపత్రి కారిడార్లో నడిచి వచ్చే ఒక శవానికి పోస్టుమార్టం కుట్లు ఛాతీ నుంచి పొట్ట దాకా బొద్దుగా, దారాలతో సహా కనిపిస్తాయి, తలకు కట్టు ఉంటుంది. దాన్ని చూసి మనం ముందుగా ఒక రాక్షసుణ్ణి చూడం; డాక్టరు చేతి పనిని చూస్తాం. ఎవరో ఆ శరీరాన్ని కోసి, కారణం రాసుకుని, తిరిగి కుట్టి, బల్ల మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు. కాగితాల మీద అతని సంగతి ముగిసిపోయింది. ముగిసిపోయిందని సంతకమైన మనిషి లేచి నడుస్తున్నాడు. గ్రావ్ శవాలు మిగతా సినిమాల శవాల్లా గుంపులుగా రావు, ఒకరిద్దరే వస్తారు, ప్రతి ఒక్కరికీ ఎలా పోయారో తెలిపే గుర్తు ఒంటి మీదే ఉంటుంది. గత్రీ బట్టల తడి కూడా అలాంటి గుర్తే. ఫోటో చెప్పని సాక్ష్యం ఆ శరీరాలు చెబుతూనే ఉన్నాయి, చదివేవాడే లేడు.

చివరికి ఆసుపత్రి తగలబడుతుండగా, శవాలను ఆపగలిగింది నిప్పేనని తెలుసుకున్న జార్జ్, శవంగా మారిన ఎడ్నాను కూడా తన చేతులతోనే మంటల్లోకి తోయవలసి వస్తుంది. ఏడుస్తూ నిలబడిన అతణ్ణి ఇన్‌స్పెక్టరు కాల్చి చంపుతాడు. రొమేరో చిత్రంలోనూ చివరిదాకా బతికిన నాయకుణ్ణి ఊరివాళ్ళు పొరపాటున కాల్చేస్తారు, దాన్ని చూసే గ్రావ్ నేర్చుకున్నాడనడంలో సందేహం లేదు. కానీ తేడా చూడండి. అక్కడ తుపాకి పట్టినవారు అతణ్ణి శవమనుకున్నారు. ఇక్కడ ఇన్‌స్పెక్టరుకు అతను బతికున్న మనిషేనని తెలుసు. పైగా చనిపోయినవారు నిజంగా లేచి వస్తే బాగుండును, నిన్ను మళ్ళీ ఒకసారి చంపేవాణ్ణి అని శవంతో అంటాడు.

ఆ కోరిక తీరుతుంది. హోటల్ గదికి తిరిగి వచ్చిన ఇన్‌స్పెక్టరు కోసం జార్జ్ కాచుకుని ఉంటాడు. న్యాయం జరిగినందుకు మొదటిసారి చూసినప్పుడు నాకు తృప్తి కలిగింది, ఇప్పుడు కలగదు. పొలంలో యంత్రం ఆగి ఉంటే జార్జ్ లేచి వచ్చేవాడే కాదు. ఇన్‌స్పెక్టరు మెడ మీద పడిన ఆ చేతులను కదిలించింది వ్యవసాయశాఖ. ఈ మధ్య చూసినప్పుడు నా ఆలోచన అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకు, సినిమా చూపించని మరుసటి ఉదయానికి వెళ్ళింది. తలుపు తెరిచే కానిస్టేబులుకు నేల మీద ఒక పోలీసు అధికారి శవం కనిపిస్తుంది. గదిలో ఉన్నవన్నీ ఉన్నట్టు ఫోటోలు తీస్తారు, కడిగిస్తారు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల పొడవాటి జుట్టున్న కుర్రవాడు ఇంకెవరైనా ఉన్నాడేమోనని వెతకడానికి బయలుదేరతారు.